కొండబాబుకు అన్నం పెట్టాలి

సత్యవేణి ఆంటీ తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టినప్పటి నుంచీ రెబెక్కా అరచేతుల్లో చెమట ఆగడం లేదు. నాచారంలో రెబెక్కా, వాళ్ళమ్మ ఉండేది పై పోర్షన్, కింద ఓనర్లు సత్యవేణి వాళ్ళు. ఆ ఓనర్లు శుక్రవారం తెల్లారుతూనే అమలాపురం పోతున్నారు, మేనకోడలు ఆమని పెళ్ళికి, ఇంటిల్లిపాదీ, మూడు రోజులు. ఆ మూడు రోజులూ రెండు పూటలా కొండబాబుకు అన్నం పెట్టాల్సింది రెబెక్కానే.

కొండబాబు మనిషైతే ఏ బాధా లేదు. కొండబాబు కుక్క. తండ్రి రాట్‌వైలర్ జాతి, తల్లి ఎవరో తెలియదు. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతుంది, తలకాయ చిన్న గుమ్మడికాయంత ఉంటుంది. పోయిన నెల డాక్టరు తూకమేస్తే నలభై ఎనిమిది కిలోలు తూగాడని సత్యవేణి భర్త కామరాజు అంకుల్ గల్లీలో కనబడిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాడు. రెబెక్కా బరువు నలభై ఆరు.

"భయపడకమ్మాయ్, వాడు వెన్నముద్ద," అంది సత్యవేణి. "గేటివతలే నిలబడి పళ్ళెం కింది సందులోంచి తోసెయ్. పొద్దున్న పెరుగన్నం, రెండు గుడ్లు. సాయంత్రం చికెన్ అన్నం. అన్నీ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాను. ఒక్కటే మాట. నువ్వు మాత్రం భయపడకూడదు. భయపడ్డావంటే వాడికి వాసనొచ్చేస్తుంది."

రెబెక్కా తలూపింది. ఊపక చస్తుందా! పోయిన ఏడాది అమ్మకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు, హబ్సిగూడ కళ్ళజోళ్ళ షాపులో రెబెక్కాకు సెలవు దొరక్కపోతే, వారం రోజులు దవాఖానాలో మంచం పక్కన కూర్చున్నది ఈ సత్యవేణే. బెడ్‌పాన్ కూడా తీసింది. అలాంటి మనిషి వచ్చి కుక్కకు నాలుగు ముద్దలు పెట్టమంటే, నాకు భయమాంటీ అని చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఆమె మెట్లు దిగి వెళ్ళిందో లేదో దానమ్మ అందుకుంది. దానమ్మ రెబెక్కా తల్లి. ఉప్పల్‌లో ఒక టైలర్ షాపుకు ఇంట్లోనే జాకెట్లు కుట్టి ఇస్తుంది, కుడుతూనే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే కుడుతుంది.

"గీ ఎలుకపిల్లను సూసి సూసి నీకు అసలు కుక్కంటేనే భయమైతుంది."

ఎలుకపిల్ల అంటే బఠాణీ. రెబెక్కా ఒళ్ళో ముడుచుకుని పడుకున్నవాడు తన ప్రస్తావన రాగానే ఒక చెవి ఎత్తాడు. నాలుగు కిలోలు. తెల్లటి బొచ్చు, నల్లటి ముక్కు. రెండేళ్ళ కింద ఉప్పల్ బస్టాండ్ దగ్గర అరటిపళ్ళ బండి కింద తడిసి ముద్దయి కనబడితే చున్నీలో చుట్టి తెచ్చుకుంది.

"మా నాయినకు ఉండె, కుక్కంటే అదీ! జనగామ దిక్కు మా ఊర్ల. దూడంత ఉండె. చేనుకాడ మంచె కింద పండుకుంటే పందులు గూడ అటుదిక్కు రాకపోయేటియి. తోడంటే గట్లుండాలె. దీన్ని సూసి దొంగ ఏమంటడు? బిస్కెటేసి నీ ఫోన్ గుంజుకపోతడు."

"నేను దొంగ కోసం తెచ్చుకోలేదమ్మా."

"మల్లెందుకు తెచ్చుకున్నవ్?"

"ఎత్తుకోనీకి."

దానమ్మ నవ్వింది. రెబెక్కా మాత్రం నిజమే చెప్పింది. ఆరో క్లాసులో, రామంతాపూర్‌లో ట్యూషన్ నుంచి వస్తుంటే, తెరిచి ఉన్న గేటులోంచి ఒక పెద్ద కుక్క దూకి ఆమెను వెల్లకిలా పడేసింది. కరవలేదు. ఛాతీ మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది, అంతే. దాని ఊపిరి వేడిగా మొహానికి తగులుతోంది, తనకు మాత్రం ఊపిరి అందడం లేదు, లోపల్నుంచి ఇంటాయన "ఏం చెయ్యదు, ఏం చెయ్యదు" అనుకుంటూ తీరిగ్గా చెప్పులేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పటి నుంచి ఆమెకు కుక్కలు రెండే రకాలు. తను లేపగలిగేవి, తనను పడేసేవి.

శుక్రవారం పొద్దున కారు గల్లీ మలుపు తిరిగేదాకా చూసి రెబెక్కా స్నానానికి వెళ్ళింది. భయం వాసన పోవాలని సబ్బు రెండోసారి రుద్దుకుంది. పౌడరు కొట్టుకుంది. అప్పుడు పళ్ళెంలో పెరుగన్నం కలిపి, పైన గుడ్లు చిదిమి, యేసయ్యా అనుకుంటూ మెట్లు దిగింది.

ఇంటి వెనక జాగా మెట్ల కింద మొదలై ప్రహరీ దాకా పొడుగ్గా ఉంటుంది. ముందు ఇనుప కమ్మీల గేటు. లోపల బట్టలుతికే బండ, వరసగా మల్లె కుండీలు, మెట్ల కింద ఇంట్లో పట్టని పాత బీరువా ఒకటి. బండ పక్కన కొండబాబు పడుకుని ఉన్నాడు. ఆమె అడుగు వినగానే తల ఎత్తాడు. లేచాడు. లేస్తుంటే ఇంకా లేస్తూనే ఉన్నట్టనిపించింది. నడిచొచ్చి కమ్మీల మధ్య మూతి పెట్టి, ఆమెకేసి చూశాడు.

రెబెక్కా పళ్ళెం గుండెలకు అదుముకుంది. అయినా ధైర్యం కూడదీసుకుని, ఏడ్చే పసిపిల్లల్ని అమ్మ ఎలా సముదాయిస్తుందో అలాగే, అరచెయ్యి ముందుకు చాపి, మెత్తగా అంది.

"ఊకో... ఊకో బిడ్డా... ఊకో."

అంతే! వాడి చెవులు నిటారుగా లేచాయి, వీపు మీద బొచ్చు నిక్కింది, ఛాతీలోంచి ఒక మొరుగు వచ్చింది చూడండి, పళ్ళెంలో గుడ్డు ముక్క కదిలింది! గిర్రున తిరిగి ప్రహరీ దాకా ఉరికాడు, అక్కణ్ణుంచి మళ్ళీ గేటు మీదికొచ్చాడు, మళ్ళీ కుండీల మీదికి పోయాడు, మట్టి ఎగజిమ్మాడు. "ఊకో, ఊకో, నీ కాళ్ళు మొక్కుత, ఊకో!" ఆమె అన్నకొద్దీ వాడికి పిచ్చి ముదురుతోంది. పళ్ళెం గేటు కిందికి కాలితో తోసి, రెండేసి మెట్లు ఎక్కి, తలుపు గడియ పెట్టి, తలుపుకు వీపానించి కూర్చుండిపోయింది. బఠాణీ వచ్చి ఆమె పాదాలు వాసన చూశాడు.

పదకొండింటికి షాపులో ఉండగా సత్యవేణి ఫోన్. "తిన్నాడా అమ్మా మావాడు?"

"తిన్నడు ఆంటీ."

"గొడవేం చెయ్యలేదుగా?"

ఏమని చెప్పాలి? పెళ్ళికని దారిలో ఉన్న మనిషికి, మీ కుక్కకు నా భయం వాసనొచ్చింది అని చెప్పాలా? "ఏం లేదాంటీ," అంది.

సాయంత్రం దానమ్మ కూడా మెట్ల మీదిదాకా వచ్చింది. "నువ్వు భయపడుకుంట అంటున్నవ్, అందుకే ఇంటలేడు. గట్టిగ చెప్పాలె. సూడు!" అని రెయిలింగ్ పట్టుకుని, జాకెట్లకు బేరమాడే గొంతుతో, అటు పొమ్మన్నట్టు చెయ్యి జాపి మల్లె కుండీల వైపు చూపిస్తూ అరిచింది. "ఏయ్! ఊకో! ఊకో అంటున్ననా!"

కొండబాబు సూటిగా కుండీల మీద పడ్డాడు. ఒక కుండీని రెండు కాళ్ళతో పడేసి, పెంకులు ఎగిరేటట్టు తవ్వి, మొక్కను వేళ్ళతో సహా పీకి నోట కరుచుకుని ఇటు తిరిగి చూశాడు. మెచ్చుకోమన్నట్టు చూశాడని ఆ తరవాతెప్పటికో తోచింది గానీ, ఆ క్షణాన రెబెక్కాకు ఆ నోరే కనబడింది, ఆ నోట్లో విరిగిన కొమ్మే కనబడింది.

దానమ్మ గొంతు సన్నబడింది. "అమ్మో... మా నాయిన కుక్క గిట్ల లేకుండె బిడ్డా."

"పెద్దగుంటేనే తోడన్నవ్ గదా."

"తోడు సంగతి తర్వాత. పొద్దున నువ్వు పోకు. మీదికెల్లి విసిరేద్దాం అన్నం."

"అన్నం విసిరేస్తరా అమ్మా ఎవరన్నా!"

అది పట్టుదల కాదు, ధైర్యం అసలే కాదు. దవాఖానాలో సత్యవేణి వారం రోజులు కూర్చున్న ఆ స్టూలు గుర్తొస్తే ఆమెకు అన్నం విసిరెయ్యడానికి చెయ్యి రాదు. అంతే.

శనివారం పొద్దున ఏడున్నరకు మళ్ళీ పళ్ళెం పట్టుకుని దిగింది. బఠాణీని లోపలుంచి తలుపు దగ్గరగా వేసి మరీ దిగింది. ఈసారి ఒక్క మాటా మాట్లాడకుండా, ఊపిరి బిగబట్టి, గొంతుక్కూచుని పళ్ళెం కిందినుంచి తోసింది. కొండబాబు వచ్చాడు. వాసన చూశాడు. తినడం మొదలెట్టాడు. ఏమీ అనలేదు! రెబెక్కా గుండె కాస్త నెమ్మదించింది. లేవబోతుంటే పైన తలుపు కిర్రుమంది.

"తిన్నడానే?" దానమ్మ తొంగిచూసింది.

ఆమె కాళ్ళ మధ్య నుంచి తెల్లటిది ఏదో జారింది. బఠాణీ! మెట్ల మీద బంతిలా దొర్లుకుంటూ, రెబెక్కా చాచిన చేతుల కిందినుంచి తప్పించుకుని, గేటు కమ్మీల మధ్యలోంచి దూరి లోపలికి పోయాడు. నాలుగు కిలోలవాడికి ఆ సందు రాచబాట. పోయినవాడు ఊరుకున్నాడా? నలభై ఎనిమిది కిలోల కొండబాబు తింటున్న పళ్ళెం ముందు నిలబడి, తోక నిగిడించి, కీచుగా మొరిగి, గుడ్డు మీద మూతి పెట్టాడు.

కొండబాబు తినడం ఆపాడు. తల ఎత్తలేదు. గొంతులో మాత్రం గ్రైండర్ తిరుగుతున్నట్టు ఒక చప్పుడు మొదలైంది.

"ఊకో!" రెబెక్కా కమ్మీల మధ్యలోంచి చెయ్యి చాపి అరిచింది. చెయ్యి బఠాణీ వైపే ఉంది. "ఊకో! కొండబాబూ, ఊకో!"

కొండబాబు బఠాణీ మీదికి దూకాడు.

పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకు. కళ్ళు మూసుకుందో తెరిచే ఉంచిందో తెలియదు. పళ్ళెం ఎగిరి బండకు కొట్టుకుంది, అన్నం చెదిరింది, బఠాణీ కెవ్వుమన్నాడు, తెల్లటి చార ఒకటి బండ చుట్టూ తిరిగి మెట్ల కిందికి దూసుకుపోయింది. బీరువాకూ గోడకూ మధ్య జానెడు సందు. అందులోకి దూరిపోయాడు. వెనకే కొండబాబు. తలకాయ పట్టలేదు. పంజాలతో తవ్వుతున్నాడు, రేకు బీరువా డబడబలాడుతోంది, గోళ్ళ కింద సున్నం రాలుతోంది. బఠాణీ అరుపు లోపల్నుంచి సన్నగా, ఆగకుండా, పసిపిల్ల ఏడుపులా వస్తోంది.

ఇంకో రెండు నిమిషాలు, అంతే. బీరువా జరుగుతుంది. జరిగితే సందు పెరుగుతుంది. తల పడుతుంది.

రెబెక్కా గేటు గొళ్ళెం తీసింది. తన చేతులే తీస్తున్నాయి, తను మాత్రం వద్దు వద్దు అనుకుంటూనే ఉంది. లోపలికి అడుగు పెట్టింది. వెనక గేటు దానంతటదే మూసుకుని గొళ్ళెం పడింది.

"బిడ్డా! బయటికి రా! వాడు నిన్ను సంపుతడు!" పైనుంచి దానమ్మ ఏడుస్తోంది. "యేసయ్యా, నా బిడ్డను కాపాడు తండ్రీ! ఊకోరా! ఊకోరా నీ అమ్మ కడుపు మాడ, ఊకో!"

ఆమె ఊకో అన్నప్పుడల్లా బీరువా రవంత జరుగుతోంది.

రెబెక్కా ఫోన్ తీసింది. చెమటకు వేలిముద్ర పట్టడం లేదు. ఒకసారి, రెండోసారి, మూడోసారికి తెరుచుకుంది. సత్యవేణి నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. ఎత్తగానే అవతల సన్నాయి, డోలు, ఎవరో కొబ్బరి బొండాలేవని అరవడం.

"ఆంటీ! బఠాణీ లోపట్కి ఉరికిండు! బీరువా ఎనక ఉన్నడు, కొండబాబు తవ్వుతున్నడు, ఎంత చెప్పినా ఆగుతలేడాంటీ!"

"ఏం చెప్పావ్? ఏమన్నావ్ వాడితో?"

"ఊకో అన్న!"

"ఉస్కో అన్నావా?"

"ఉస్కో కాదాంటీ! ఊకో! ఊకో! ఊకో అంటే..."

కొండబాబు మూడుసార్లూ విన్నాడు. బీరువా ధడేలుమని అదిరింది.

"ఓరి దేవుడో! నోరు ముయ్యి! ముందా మాట ఆపవే తల్లీ!" సత్యవేణి గొంతు సన్నాయిని మించిపోయింది. "మీ అంకుల్ రోజూ సాయంత్రం పందికొక్కుల మీదికి ఉస్కో ఉస్కో అని తోలుతారు వాణ్ణి! చెయ్యెటు చూపిస్తే అటు పోయి తవ్వుతాడు! మేం ఊరుకో అన్నా ఉస్కో అనుకుంటున్నాడనే కదే ఆ మాటే మానేశాం ఇంట్లో! చెప్పడం మర్చిపోయానే, నా మతి మండా!"

రెబెక్కాకు అప్పుడర్థమైంది. నిన్నటి నుంచీ తను బతిమాలుతోంది అనుకుంది. బతిమాలడం కాదు, ఉసిగొల్పుతోంది. కుండీ మీదికి అమ్మ తోలింది. బఠాణీ మీదికి, చెయ్యి చాపి మరీ, తనే తోలింది!

పైనుంచి అమ్మ ఇంకా అరుస్తూనే ఉంది. ఊకో, ఊకోరా, ఊకో. రెబెక్కా తలెత్తి, "అమ్మా, ఊ..." అనబోయి నాలుక కరుచుకుంది. "అమ్మా! సప్పుడు జెయ్యకు! ఒక్క మాట మాట్లాడకు!"

దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇప్పుడేమనాలె ఆంటీ? ఏమంటే ఆగుతడు?"

"కింద కూర్చో. కూర్చుంటే వాడు వస్తాడు. చాలు నాన్నా అను. నెమ్మదిగా. నాన్నా! చాలు నాన్నా! కొండబాబూ!"

స్పీకర్‌లోంచి ఆ గొంతు తన పేరు పిలవగానే పంజాలు ఆగాయి. కొండబాబు తల తిప్పాడు. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కున్నాడు. ఫోన్ కనబడింది. ఫోన్ ఉన్న చెయ్యి కనబడింది. రెబెక్కా వైపు నడిచాడు.

కింద కూర్చోవాలట! ఈ జంతువు తన వైపు వస్తుంటే దాని నోటికి తన మెడ సరిసమానంగా వచ్చేట్టు కూర్చోవాలట! మోకాళ్ళు వంగనంటున్నాయి. వంచింది. చెదిరిన పెరుగన్నంలోనే చతికిలబడింది. గుమ్మడికాయంత తల మొహం ముందుకొచ్చి ఆగింది. వేడి ఊపిరి. పెరుగు వాసన, తడి మట్టి వాసన. ఆరో క్లాసు పిల్ల ఛాతీలో ఎక్కడో నిద్రలేచి, గాలి ఆడక గిలగిల్లాడింది.

"ఆంటీ, మీరే చెప్పండి, ఆంటీ..."

అవతల సన్నాయి లేదు. డోలు లేదు. ఫోన్ తెర మీద కాల్ కట్ అయి ఉంది.

కొండబాబు ఫోన్ వాసన చూశాడు. అందులో సత్యవేణి లేదు. తల ఎత్తి రెబెక్కా కళ్ళలోకి చూశాడు. తరవాతేంటి అని అడుగుతున్నాడు. చూపు ఒకసారి బీరువా వైపు పోయింది, మళ్ళీ ఆమె వైపు వచ్చింది. చెప్పు, మళ్ళీ తవ్వమంటావా?

"చా..." ఉమ్మి మింగింది. "చాలు."

వాడు కదల్లేదు.

"చాలు నాన్నా."

ఆ నాన్నా అనేది ఆమె నోట అలవాటు లేని మాట. వాళ్ళింట్లో బిడ్డా అంటారు. వంకరగా, వణుకుతూ వచ్చింది. అయినా కొండబాబు పెద్ద నిట్టూర్పు ఒకటి విడిచి, ముందు కాళ్ళు జాపి, ఆమె మోకాలి మీద గడ్డం వాల్చి పడుకున్నాడు. ఆ తల బరువుకు మోకాలు నేలకు అదిమేసినట్టయింది. వెన్నముద్దో కాదో తెలియదు, ఆమె కదిలే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

బీరువా వెనక బఠాణీ అరుపు ఆగిపోయింది. అదింకా భయపెట్టింది. ఆగిందా, పోయిందా?

"బఠాణీ?"

చప్పుడు లేదు.

మోకాలు కొంచెం కొంచెంగా వాడి గడ్డం కిందినుంచి లాక్కుని, కూర్చునే జరుగుతూ, సందు దగ్గరికి పోయింది. లోపల చీకటి. కుడిచెయ్యి పెట్టింది. మోచేతి దాకా పెట్టింది. వేళ్ళకు బొచ్చు తగిలింది. వెచ్చగా ఉంది! బొచ్చు కింద గుండె గడియారంలా కాదు, కుట్టు మిషన్ సూదిలా కొట్టుకుంటోంది. "నేను రా... నేను..." అని దగ్గరికి లాగబోయింది.

కరిచాడు.

బొటనవేలి మొదట్లో, కండలోకి, నాలుగు పళ్ళూ దిగేటట్టు. విడవలేదు. ఆమె కళ్ళ ముందు తెల్లటి మెరుపులు లేచాయి. అరవబోయింది. పక్కనే కొండబాబు చెవులు నిలబెట్టి ఆమె మొహమే చూస్తున్నాడు. ఇప్పుడు తను కేక పెడితే దానికి వాడు ఏ అర్థం తీసుకుంటాడో! పెదవి లోపలికి మడిచి పళ్ళ కింద పెట్టుకుంది. కన్నీళ్ళు బొటబొటా రాలుతున్నాయి, కేక మాత్రం బయటికి రానివ్వలేదు. ఎంతసేపో తెలియదు. సందులో చెయ్యి, చేతికి పళ్ళు, పక్కన పెద్దవాడి ఊపిరి, పైన అమ్మ నోట్లో కొంగు. ఎవరూ కదల్లేదు.

చివరికి పళ్ళు వదులయ్యాయి. ఆ నెత్తుటి చేత్తోనే వాణ్ణి మెడ పట్టి బయటికి లాగి, ఛాతీకి అదుముకుని లేచింది. కొండబాబు కూడా లేచాడు. గేటు దాకా పక్కనే నడిచాడు, ఆమె గొళ్ళెం తీసి బయటపడి మళ్ళీ వేసేదాకా నిలబడ్డాడు. తరవాత వెనక్కి పోయి చెదిరిన అన్నం ఏరుకుని తినసాగాడు.

ఉప్పల్ దవాఖానాలో లైను గంటన్నర పట్టింది. సత్యవేణి మళ్ళీ ఫోన్ చేస్తే, కుక్కలు రెండూ బాగానే ఉన్నాయని చెప్పింది రెబెక్కా. సూది మందు సిరంజిలోకి లాగుతూ నర్సు అడిగింది. "ఏ కుక్క? వీధిదా?"

"ఇంట్లదే."

"ఎంత ఉంటది? పెద్దదా?"

రెబెక్కా కట్టు కట్టిన చేతికేసి చూస్తూ కూర్చుంది. దానమ్మే రెండు చేతులూ దగ్గరగా పెట్టి కొలత చూపించింది. "గింతంత ఉంటదమ్మా. సొరకాయంత."

"చిన్నయే ఎక్కువ గరుస్తయమ్మా," అంది నర్సు. "పెద్దయి గరిస్తే మా కాడికి నడుచుకుంట రారు."

షేర్ ఆటో నాచారం చౌరస్తా దగ్గర దిగి నడుస్తుంటే దానమ్మ మెల్లగా అంది. "మా నాయిన కుక్క ఛూ అంటేనే ఎగబడేది. గిదెవలకు తెలుసు బిడ్డా, ఊకో అంటే గిట్లయితదని?"

"నాకేం ఎరుక అమ్మా."

"ఎట్లనన్నా గానీ, చిన్నదే మంచిది. పెద్దది గరిస్తే నువ్వుండకపోయేదానివి."

"పెద్దది కరవలే కదమ్మా."

దానమ్మ కొంగు సర్దుకుని నడక పెంచింది. రెబెక్కా పొద్దున్నుంచీ రెండు కుక్కల్లో దేని మీద కోపం తెచ్చుకోవాలా అని వెతుక్కుంటోంది, ఎటు తిరిగినా చాచిన తన చెయ్యే కనబడుతోంది.

ఇల్లు చేరాక బఠాణీ మంచం కిందినుంచి బయటికి రాలేదు. బిస్కెట్ పెడితే రాలేదు. ఆమె వంగి చూస్తే ఇంకా లోపలికి జరిగాడు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. వాడు జరిగినప్పుడు తన చెయ్యి కూడా వెనక్కి వచ్చింది, దానంతటదే. రెండేళ్ళుగా వాడి నోట్లో మందుబిళ్ళ పెట్టిన చెయ్యి, వాడి పళ్ళ మధ్య ఇరుక్కున్న ఎముక ముక్క తీసిన చెయ్యి. అది బఠాణీకి భయపడింది.

ఆరింటికి కొండబాబుకు అన్నం పెట్టాలి. "నేను పెడ్త, నువ్వు పండుకో," అంది దానమ్మ, కానీ ఆమె చేతుల్లో డబ్బా మూత చప్పుడు చేస్తోంది. రెబెక్కా పళ్ళెం ఎడమచేత్తో పట్టుకుని దిగింది. భయం తగ్గలేదు. కమ్మీల అవతల ఆ నల్లటి మనిషంత జంతువు లేచి నిలబడగానే ఒక అడుగు వెనక్కి వేసింది. పళ్ళెం తోసింది. వాడు తిన్నాడు. ఆమె పారిపోలేదు, దగ్గరికీ పోలేదు. మూడో మెట్టు మీద కూర్చుని, కట్టు కింద సలుపుతున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, వాడు తింటుంటే చూసింది.

వెనక మెట్ల మీద గోళ్ళ చప్పుడు. టిక్. ఆగింది. టిక్, టిక్. మళ్ళీ ఆగింది.

బఠాణీ. ఎంతవరకు వచ్చాడో చూడాలంటే తల తిప్పాలి. తిప్పితే పారిపోతాడేమో. తిప్పకపోతే పొద్దుటిలా మళ్ళీ గేటులోకి... వీపు బిగుసుకుంది. పై మెట్టు దాకా వచ్చాడని ఊపిరి వల్ల తెలుస్తోంది. నడుము దగ్గర కుర్తా అంచుకు తడి ముక్కు తగిలింది. రెబెక్కా కళ్ళు గట్టిగా మూసుకుంది.

వాడు ఒళ్ళోకి రాలేదు. ఒక చుట్టు తిరిగి, ఆమె వీపుకు తన వీపు ఆనించి కూర్చున్నాడు. నాలుగు కిలోలూ వణుకుతున్నాయి. ఆమె వెన్నూ వణుకుతోంది. ఏ వణుకు ఎవరిదో తెలియడం లేదు. గేటవతల కొండబాబు ఖాళీ పళ్ళేన్ని నాకుతూ నాకుతూ బండ దాకా నెట్టుకుపోతున్నాడు.

రెబెక్కా వెనక్కి తిరగలేదు. చెయ్యి చాపలేదు. వాడు బరువు ఇంకొంచెం ఆనించేదాకా అలాగే కూర్చుంది.